ఒక్క కాగితం రాసివ్వండి: పాత పెద్ద కార్లు అమ్మేవాళ్లకు, బాగుచేసేవాళ్లకు బహిరంగ లేఖ

హనుమకొండ, వరంగల్, కాజీపేటల్లో పాత కార్ల కన్సల్టెన్సీలు నడుపుతున్న యజమానులకు, షోరూం సర్వీస్ సెంటర్ల మేనేజర్లకు, మెకానిక్ అన్నలకు, రవాణా శాఖ అధికారులకు,

నమస్కారం.

నేను హనుమకొండలో చిన్న ఫొటో స్టూడియో నడుపుతాను. ముహూర్తాలున్న నెలల్లో ములుగు, భూపాలపల్లి, పరకాల, హుజూరాబాద్ దాకా పెళ్లిళ్లకు పోతాం. నలుగురం మనుషులం, రెండు కెమెరా బ్యాగులు, లైట్లు, స్టాండ్లు, డ్రోన్ పెట్టె. పాత చిన్న కారులో ట్రైపాడ్ ఒళ్లో పెట్టుకుని కూర్చోవాల్సి వచ్చేది. డిక్కీ పెద్దగా ఉంటుందని 2024 దసరాకు ముందు 2014 మోడల్ డీజిల్ ఆటోమేటిక్ సెడాన్ ఒకటి కొన్నాను. కొత్తగా ఉన్నప్పుడు పాతిక లక్షలు దాటిన బండి. నాకు 4,85,000కు వచ్చింది. చిట్టీ పాడి ఎత్తిన డబ్బు. బండి ఇంటి ముందు ఆగిన రోజు వాడకట్టంతా వచ్చి చూసింది.

ఆ తర్వాత 14 నెలల్లో దాని రిపేర్లకు నేను పెట్టింది 2,12,500 రూపాయలు. డీజిల్, ఇన్సూరెన్స్, మామూలు ఇంజిన్ ఆయిల్ సర్వీసులు ఇందులో లేవు.

అమ్మిన చోటికి మూడుసార్లు పోయాను. మొదటిసారి టీ తాగించారు. రెండోసారి "సెకండ్ హ్యాండ్ బండికి గ్యారంటీ ఏముంటదన్నా" అన్నారు. మూడోసారి యజమాని దొరకలేదు. సంబంధిత ఆఫీసులో రెండుసార్లు అర్జీ ఇచ్చాను. నకలు మీద ముద్ర వేసి ఇచ్చారు, జవాబు ఇప్పటికీ రాలేదు. అందుకే ఈ లేఖ.

కన్సల్టెన్సీ పేరు గానీ, బండి కంపెనీ పేరు గానీ రాయడం లేదు. మా ఎదురింటాయన సింగరేణిలో రిటైరై వచ్చిన డబ్బుతో వేరే కంపెనీ పెట్రోల్ సెడాన్ వేరే చోట కొన్నారు. ఆయన కథ కూడా నా కథలాగే నడిచింది. ఒక్క దుకాణం పేరు రాస్తే మిగతావాళ్లు ఇది తమ సంగతి కాదనుకుంటారు.

జరిగినవి ముందు చెబుతాను.

1. బండి ధర తగ్గుతుంది, పార్టు ధర తగ్గదు.

పాతిక లక్షల బండి పదేళ్లకు ఐదు లక్షలకు దిగుతుంది. దాని హెడ్‌లైటు, స్టీరింగ్ రాక్, ఏసీ కంప్రెసర్ మాత్రం ఇంకా పాతిక లక్షల బండివే. ఏనుగును కొని అంకుశానికి బేరమాడినట్టు అని సామెత. నా విషయంలో అంకుశం ఖర్చే ఏనుగు ధరలో సగానికి దగ్గరపడింది. ఐదు లక్షలు పెట్టి చిన్న హ్యాచ్‌బ్యాక్ కొన్నవాడు, అదే ఐదు లక్షలకు ఈ బండి కొన్నవాడు ఒకే మెకానిక్ దగ్గరికి పోతే తేడా అక్కడ తెలుస్తుంది. అతను నాలుగు టైర్లు వేయించుకునే డబ్బుకు నాకు రెండొస్తాయి. ఇది మీ అందరికీ తెలుసు. ఒక మాట చెప్పనా, ఇలాంటి బండ్లు అమ్మే చోట్ల యజమానులు సొంతానికి నడిపేవి మాత్రం చిన్న బండ్లే. నేను గమనించాను.

ఇన్సూరెన్స్ ఉంది కదా అంటారు. యాక్సిడెంటుకో, దొంగతనానికో, వరదకో ఇన్సూరెన్స్ గానీ, అరిగిపోయిన పార్టుకు రాదు. యాక్సిడెంటు క్లెయిమ్‌లో కూడా పదేళ్లు దాటిన బండికి ఇనుప పార్టుల మీద సగం తరుగుదల కింద కోస్తారు. రబ్బరు, ప్లాస్టిక్ పార్టుల మీద కోత ఎలాగూ సగమే.

2. మీటరు, బెల్టు.

నేను కొన్నప్పుడు మీటర్లో 78,000 కిలోమీటర్లు ఉంది. డ్రైవర్ సీటు తలుపు వైపు అంచు నలిగి తోలు పగిలింది. బ్రేక్ పెడల్ రబ్బరు అరిగి నున్నగా మెరుస్తోంది. రెండూ ఆ రోజే చూశాను. చూసి కూడా ఊరుకున్నాను, నా కళ్లకు డిక్కీ ఒక్కటే కనబడింది మరి.

మూడో నెలలో కూలెంట్ తగ్గడం మొదలైంది. వారానికోసారి పోస్తున్నా మళ్లీ తగ్గుతోంది. తెలిసిన మెకానిక్ దగ్గరికి తీసుకుపోతే వాటర్ పంపు చుట్టూ గులాబీ రంగు పొక్కు కట్టి ఉంది, అక్కడి నుంచే లీకు. పంపు మార్చాలంటే టైమింగ్ బెల్టు విప్పాలి. కవర్ తీసి, బెల్టును వేలితో వెనక్కి వంచి చూపించాడు. ఎండాకాలం చెరువు అడుగులాగా అడ్డంగా సన్న పగుళ్లు. ఒక అంచున దారాలు లేచి ఉన్నాయి. "అన్నా, ఇది ఇన్ని రోజులు ఆగుడే ఎక్కువ" అన్నాడు.

బండ్ల సంగతి తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. ఇంజిన్ కింద తిరిగే క్రాంక్‌కూ, పైన వాల్వులు తెరిచి మూసే క్యామ్‌కూ లెక్క తప్పకుండా ముడివేసేది ఈ బెల్టే. నాలాంటి డీజిల్ ఇంజిన్లలో బెల్టు నడుస్తుండగా తెగితే పైకొచ్చే పిస్టన్లు తెరిచి ఉన్న వాల్వులకు తగులుతాయి. వాల్వులు వంగుతాయి, హెడ్ విప్పాలి. లక్ష దాటుతుంది. బెల్టు, టెన్షనర్, పుల్లీలు, వాటర్ పంపు కలిపి ముందే మార్చుకుంటే నాకైంది 31,500.

బెల్టు మార్చే గడువును కిలోమీటర్లతోనూ, ఏళ్లతోనూ లెక్కిస్తారు. 78,000 నడిచిన బండికి ఇంత పాడైన బెల్టేమిటని అనుమానమొచ్చి షోరూం సర్వీస్ సెంటర్లో ఛాసిస్ నంబర్ ఇచ్చి చూడమన్నాను. 2020లో సర్వీసుకు వచ్చినప్పుడే దాని మీటర్ 1,31,400. తెర నా వైపు తిప్పి చూపించారు. ప్రింటు అడిగితే పాత ఓనరు వివరాలు ఇవ్వలేమన్నారు. పాత ఓనరు పేరు నాకెందుకు? తేదీ, కిలోమీటర్లు చాలు.

మీటర్ తిప్పితే కొనేవాడికి పోయేది యాభై వేలో, డెబ్భై వేలో అనుకునేవాణ్ని. ఆ బెల్టు చూశాక నా లెక్క మారింది. మీటర్ వెనక్కి పోయిందంటే బెల్టు గడువు, గేర్ ఆయిల్ గడువు అన్నీ దాంతోపాటే వెనక్కి పోతాయి. చేయించాల్సిన పనికి ఇంకా టైముందనుకుని పిల్లల్ని ఎక్కించుకుని హైవే ఎక్కుతాం.

3. గేర్‌బాక్స్.

నాది రెండు క్లచ్‌లుండే ఆటోమేటిక్ గేర్‌బాక్స్, ఆయిల్‌లో తడిసి పనిచేసే రకం. దీనికి 60,000 కిలోమీటర్లకు ఒకసారి గేర్ ఆయిల్, ఫిల్టర్ మార్చాలి. కొనేటప్పుడు అడిగితే "ఇది లైఫ్‌టైమ్ ఆయిల్ అన్నా, ముట్టుకోవద్దు" అన్నారు. ఐదో నెలలో ఒకటో గేరు నుంచి రెండో గేరుకు పోయేటప్పుడు వెనక నుంచి ఎవరో గుద్దినట్టు జర్క్. రివర్స్ వేస్తే ఒకటి, రెండు లెక్కపెట్టాక కదిలేది. ఆయిల్ దించితే తారులా నల్లగా వచ్చింది. ఆయిల్, ఫిల్టర్ మార్చడానికి 17,800. జర్క్ తగ్గింది గానీ పోలేదు.

ఈ గేర్‌బాక్స్‌లో వాల్వులు, సెన్సార్లు, కంప్యూటర్ అన్నీ కలిసి ఒకే పెట్టెలో ఉంటాయి. మెకట్రానిక్ యూనిట్ అంటారు. ఆయిల్ మార్చకపోతే క్లచ్ అరుగుదల, ఇనుప రజను దాని సన్న దారుల్లో చేరతాయి. నా బండికి అదే జరిగింది. ములుగులో పొద్దున 10 గంటల 42 నిమిషాల ముహూర్తం. మల్లంపల్లి దాటాక తెర మీద గేర్ గుర్తు మిణుకు మిణుకుమంది. బండి మెల్లగా రోడ్డు పక్కకు చేరి ఆగింది. ఇంజిన్ నడుస్తోంది, రేస్ ఇస్తే అరుస్తోంది, చక్రం కదలదు. సామానంతా ట్రాలీ ఆటోలోకి ఎక్కించి పోయేసరికి జీలకర్ర బెల్లం అయిపోయింది. మా తమ్ముడొకడు ముందే బైకు మీద పోయాడు కాబట్టి ఒక్క కెమెరా అయినా అందింది. ఆ పెళ్లివాళ్లకు బిల్లులో 15,000 తగ్గించుకున్నాను. అది పై లెక్కలో కలపలేదు.

కొత్త యూనిట్‌కు షోరూంలో 2,10,000 అన్నారు. దీన్ని విప్పి బాగుచేసే మనిషి వరంగల్లో నాకు దొరకలేదు. హైదరాబాద్‌లో ఒకచోట 72,000కు చేశారు. ఇక్కడికీ అక్కడికీ బండిని మోసిన లారీ ఖర్చులు మొత్తం 9,500. ఎదురింటాయన బండికీ ఈ యూనిటే పోయింది. ఆయన అంత పెట్టలేక కవర్ కప్పి గేటు లోపల పెట్టేశారు. బస్సులో తిరుగుతున్నారు.

4. స్పీడ్ బ్రేకర్లు.

పెద్ద సెడాన్ పొడవెక్కువ, ఎత్తు తక్కువ. నలుగురు కూర్చుని డిక్కీ నింపితే ఇంకా కిందికి వాలుతుంది. మన ఊళ్ల మధ్య రోడ్ల మీద గణపతి నవరాత్రులకు ఒకటి, బడి ముందు ఒకటి, సర్పంచ్ ఇంటి ముందు ఒకటి అని ఎవరికి వాళ్లు పోయించిన బ్రేకర్లున్నాయి. పరకాల రూటులో ఒకదాని మీద కింద గర్రుమంది. మర్నాడు పొద్దున బండి కింద నేల మీద పళ్లెమంత ఆయిల్ మరక. ఇంజిన్ ఆయిల్ నిలిచే చాంబర్ పగిలింది. అల్యూమినియం చాంబర్ వంగదు, పగులుతుంది. ఆయిల్ లైటు వెలిగాక కూడా పది కిలోమీటర్లు నడిపేవాళ్లుంటారు, వాళ్లకు ఇంజిన్ పనే పడుతుంది. నేను ఇంటి దగ్గరే చూసుకున్నాను కాబట్టి 14,200తో బయటపడ్డాను. ముందు చక్రాల లింక్ రాడ్లు, లోయర్ ఆర్మ్ బుష్‌లు, రెండు షాకులు ఇంకో 22,000.

5. ఏసీ. కంప్రెసర్ 26,000, అది వేయించిన నెలన్నరకే కూలింగ్ కాయిల్ 19,500. కాయిల్ కోసం డ్యాష్‌బోర్డు మొత్తం విప్పారు. బిగించాక కిర్రుమనే శబ్దం ఒకటి కొత్తగా వచ్చింది. మే నెల కాబట్టి వాయిదా వేయలేకపోయాను.

6. మునిగిన బండ్లు.

నా బండి మునిగింది కాదు. కానీ ఇది రాయకపోతే తప్పవుతుంది. 2023 జూలై చివర్లో, మళ్లీ 2025 అక్టోబరులో మొంథా తుఫానుకు మన కాలనీల్లోకి నీళ్లొచ్చాయి. సెల్లార్లలో, వీధుల్లో ఎన్ని కార్లు స్టీరింగ్ దాకా మునిగి నిలిచాయో మనమంతా చూశాం. అవన్నీ తుక్కుకే పోయాయని ఎవరైనా నమ్ముతారా? కడిగి, సీట్లు ఆరబెట్టి, సెంటు కొట్టి ఏ జిల్లాకు పంపినా అక్కడ కొనేవాడూ మనలాంటివాడే. పెద్ద సెడాన్లలో కంప్యూటర్ పెట్టెలు ఎక్కువ, వాటిలో కొన్ని సీట్ల కింద, కార్పెట్ కింద ఉంటాయి. వైరింగ్ పిన్నులకు పచ్చ తుప్పు పట్టి ఆరునెలల తర్వాత ఒక్కొక్కటే చస్తాయి. కొనేవాళ్లు సీటు బెల్టును చివరి దాకా లాగి చూడండి. లోపలి అంచున బురద గీత ఉంటే లేచి వచ్చేయండి. స్టెప్నీ గుంతలో, సీటు పట్టాల బోల్టుల దగ్గర కూడా చూడండి. మీ సొంత బండి నీళ్లలో ఆగితే మాత్రం సెల్ఫ్ కొట్టొద్దు. నీళ్లు సిలిండర్లోకి పోయి కనెక్టింగ్ రాడ్లు వంగుతాయి.

7. బిల్లులు.

నేను పెట్టిన 2,12,500లో సరైన బిల్లున్నది లక్షకు లోపే. మిగతాది తెల్లకాగితాలు, ఫోన్‌పే స్క్రీన్‌షాట్లు. 2025 సెప్టెంబరు 22 నుంచి కార్ల విడిభాగాల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. పన్ను కలపకముందు 10,000 ఉన్న పార్టు 12,800 నుంచి 11,800కు రావాలి. నవంబర్లో నేను కొన్న లింక్ రాడ్లకు తెల్లకాగితం మీద ఎండాకాలం ధరే రాసిచ్చారు. అడిగితే "పాత స్టాక్" అన్నారు. వస్తువుకు గానీ, చేసిన పనికి గానీ బిల్లు ఇవ్వకపోవడాన్ని 2019 వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వ్యాపార పద్ధతుల్లోనే చేర్చింది.

మెకానిక్ అన్నల తరఫున కూడా ఒక మాట చెప్పాలి. వాళ్లందరూ దోచుకునేవాళ్లు కాదు. కంపెనీ స్కానర్ వాళ్లకు దొరకదు. దొరికిన స్కానర్‌తో కొత్త యూనిట్‌ను బండి కంప్యూటర్‌తో కలిపే కోడింగ్ కాదు. జెన్యూన్ పార్టు చేతికి రాదు. 2014 ఆగస్టులోనే కాంపిటీషన్ కమిషన్ ఇదే విషయం మీద 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్లకు పైగా జరిమానా వేసింది. విడిభాగాలు, రిపేరుకు కావలసిన సాంకేతిక సమాచారం బయటి గ్యారేజీలకు కూడా అందేలా చూడాలని చెప్పింది. పదేళ్లు దాటింది. గేర్‌బాక్స్ పని కోసం నా బండిని ఇంకా 145 కిలోమీటర్లు లారీ మీద మోసుకుపోవాల్సి వచ్చింది.

ఇక మేం అడిగేవి. పెద్ద కోరికలేమీ కావు.

కన్సల్టెన్సీ యజమానులకు:

1. బండి అమ్మేటప్పుడు మీ లెటర్‌హెడ్ మీద ఒక్క కాగితం రాసి, సంతకం పెట్టి ఇవ్వండి. ఆ రోజు మీటర్ రీడింగ్, షోరూం రికార్డులో చివరి రీడింగ్, టైమింగ్ బెల్టు ఎప్పుడు మారింది, గేర్ ఆయిల్ ఎప్పుడు మారింది, యాక్సిడెంటు అయిందా, మునిగిందా. తెలియకపోతే "తెలియదు" అని రాయండి. దానికి కూడా విలువ ఉంది. "తెలియదు" అని చూసినవాడు రిపేరుకు ఓ యాభై వేలు పక్కన పెట్టుకునే బేరమాడతాడు.

2. అడ్వాన్స్ తీసుకోకముందే కొనేవాడు తన మెకానిక్‌ను తెచ్చుకుని, స్కానర్ పెట్టించి, లిఫ్ట్ మీద ఎక్కించి చూసుకోనివ్వండి. నా బేరమప్పుడు "ఇంకో పార్టీ సాయంత్రం వస్తున్నది" అని తొందరపెట్టారు. ఆ పార్టీ ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు.

3. పెద్ద సెడాన్లకు కనీసం ఇంజిన్, గేర్‌బాక్స్‌ల మీద మూడు నెలల పూచీ ఇవ్వండి. దానికి ధరలో పదివేలు ఎక్కువ అడిగినా ఇస్తాం.

షోరూం సర్వీస్ సెంటర్ల వారికి:

4. ప్రస్తుత ఆర్‌సీ ఓనరు అడిగితే పాత ఓనర్ల పేరు, ఫోన్ నంబర్ కొట్టేసి, సర్వీసు తేదీలు, కిలోమీటర్లు, చేసిన పనులు ప్రింటు తీసి ఇవ్వండి. రుసుము పెట్టుకోండి, అభ్యంతరం లేదు.

మెకానిక్ అన్నలకు:

5. విప్పిన పాత పార్టు మాకు అప్పగించండి. కొత్తది జెన్యూనా, లోకలా, సెకండ్సా అనేది బిల్లు మీద రాయండి. పని మొదలుపెట్టాక ఖర్చు పెరిగేలా ఉంటే ఒక్క ఫోన్ చేయండి.

రవాణా శాఖ అధికారులకు:

6. రిజిస్టర్డ్ వాహనాలు అమ్మే డీలర్లకు అధికారిక అనుమతి ఉండాలని కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 55ఏ నుంచి 55హెచ్ దాకా చేర్చారు. అవి 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. బండిని ఓనరు డీలర్‌కు అప్పగించిన సంగతి ఫారం 29సీలో తెలపాలి, డీలర్ బండి తిప్పిన ప్రతిసారీ రిజిస్టర్లో రాయాలి. మన జిల్లాల్లో ఈ అనుమతి ఎవరెవరికి ఉందో ఆ జాబితా మీ ఆఫీసు నోటీసు బోర్డు మీద పెట్టండి. లేనివాళ్లకు గడువిచ్చి తీసుకోమనండి.

7. ఓనర్‌షిప్ బదిలీ చేసేటప్పుడు మీటర్ ఫొటో ఒకటి తీసి ఫైల్లో పెట్టండి. తర్వాతి బదిలీలో అంకె తగ్గి కనిపిస్తే ఎవరూ వాదించాల్సిన పని ఉండదు.

8. ఢిల్లీ వైపు పదేళ్లు నిండిన డీజిల్ బండ్ల మీద ఆంక్షలొచ్చాక అలాంటి పెద్ద సెడాన్లు చవకగా ఇటు వస్తున్నాయి. అక్కడి రవాణా ఆఫీసు ఇచ్చే ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే పత్రం), ఇక్కడి లైఫ్ ట్యాక్స్ లేకుండా "నెల రోజుల్లో అయిపోతది" అనే మాట మీద వాటిని అంటగట్టకుండా చూడండి. ట్యాక్స్ కట్టేది చివరికి కొన్నవాడే, బండి ఆపినప్పుడు రోడ్డు మీద నిలబడేదీ వాడే.

ఇలాంటి దెబ్బ తిన్నవాళ్లకు ఒక సూచన. అమ్మినవాళ్లతో తేలకపోతే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 50 లక్షల దాకా కేసు వేయవచ్చు. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు. నా బండి 4,85,000 కావడం ఆ ఒక్క చోట కలిసొచ్చింది. వివాదం మొదలైన నాటి నుంచి రెండేళ్ల లోపు వేయాలి, కాబట్టి టీ తాగించి పంపుతున్నారని ఊరికే తిరుగుతూ ఉండకండి.

కన్సల్టెన్సీల వారు, అధికారులు 30 రోజుల్లో పిలిస్తే వచ్చి కూర్చుని మాట్లాడతాను. పిలవకపోతే కమిషన్‌కు పోతాను, ఫైలు సిద్ధంగా ఉంది. బిల్లులు, తెల్లకాగితాలు, ముద్ర వేసిన అర్జీల నకళ్లు స్టూడియోలోనే ఉన్నాయి, ఎవరైనా వచ్చి చూడొచ్చు. ఆ పాత టైమింగ్ బెల్టు కూడా అక్కడే, కౌంటర్ మీద పెళ్లి ఆల్బమ్‌ల పక్కన పెట్టాను.

ఇట్లు,
ఒక ఫొటో స్టూడియో యజమాని,
హనుమకొండ